గంటలు తిరిగిన ఇంజన్ బోటు కొంటున్నారా?

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మర పడవలు, మోటారు పడవలు అన్నీ ఒడ్డుకు చేరతాయి. వలలు కుట్టుకోవడం, రంగులు వేసుకోవడం, చెక్క మార్చుకోవడం అన్నీ ఈ రెండు నెలల్లోనే. పాత బోట్ల బేరాలకు తీరిక దొరికేదీ ఇప్పుడే. కొత్త బోటు కట్టించే స్తోమతు లేని మత్స్యకార సోదరులు పాత దాని కోసం ఆ రేవూ ఈ రేవూ తిరుగుతుంటారు. కాకినాడ జగన్నాథపురం ఉప్పుటేరు ఒడ్డునో, మచిలీపట్నంలోనో, నిజాంపట్నంలోనో ఒక బోటు కంటికి నచ్చుతుంది. కొత్తగా రంగు వేసి నిగనిగలాడుతుంటుంది. యజమాని ఇంజన్ గది మూత తీసి గంటల మీటరు చూపిస్తాడు. నాలుగు వేలో, అయిదు వేలో ఉంటుంది. పెద్దగా తిరగలేదు కదా అనుకుని మన చెయ్యి జేబులోకి పోతుంది.

అక్కడే ఒక్క క్షణం ఆగాలి. లారీకి కిలోమీటర్లు ఎలాగో బోటుకు గంటలు అలాగ. అయితే ఆ గంటల లెక్క మీటరులో చూసి నమ్మేది కాదు, మనం వేసుకోవలసింది. ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. గంటలు ఎక్కువ తిరిగినంత మాత్రాన ఇంజన్ పనికిరాదని కాదు, తక్కువ తిరిగినంత మాత్రాన మంచిదనీ కాదు.

మీటరు చెప్పదు, డీజిల్ చెబుతుంది

బోట్లలో గంటల మీటర్లు ఎక్కువ కాలం బతకవు. ఉప్పుగాలికి తీగలు పచ్చబడి తెగిపోతాయి. ఆగిపోయిన మీటరును రెండేళ్ళ దాకా ఎవరూ పట్టించుకోరు. కొందరు మీటరే మార్చేస్తారు. మార్చిన మీటరు సున్నా నుంచి మొదలవుతుంది. అందులో మోసం ఉండాలని లేదు. పాతది పోతే కొత్తది వేశారు, అంతే. కానీ కొనేవాడికి మాత్రం లెక్క తప్పిపోతుంది.

అందుకని డీజిల్ లెక్క అడగండి. డీజిల్ ఇంజన్ ఒక హార్సుపవర్ పనిని ఒక గంట చెయ్యాలంటే సుమారు లీటరులో అయిదో వంతు డీజిల్ తాగుతుంది. అంటే సగటున 50 హార్సుపవర్ బరువు మీద నడిచే ఇంజన్‌కు గంటకు 10 లీటర్లు. వంద హార్సుపవర్ ఇంజన్ అయినా వేటలో ఎప్పుడూ పూర్తి బలంతో నడవదు కాబట్టి ఈ లెక్క కాస్త అటూ ఇటూగా సరిపోతుంది. మీరు చూస్తున్న బోటు గంటకు ఎంత తాగుతుందో సరంగును అడిగితే ఇంకా దగ్గరగా వస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎనిమిది రోజుల వేటకు ఒక బోటు 1,200 లీటర్లు కాల్చిందనుకోండి. గంటకు 10 లీటర్ల చొప్పున అది 120 గంటలు. ఏడాదికి అలాంటి వేటలు 20 వేస్తే 2,400 గంటలు. అయిదేళ్ళు నడిస్తే 12,000 గంటలు. మీటరు మాత్రం 4,200 చూపిస్తోంది! ఆ రెంటికీ మధ్య ఉన్న తేడా మీ డబ్బు.

ఈ 12,000 గంటలంటే ఎంతో రోడ్డు భాషలో చెప్పుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. గంటకు 40 కిలోమీటర్లు పోయే లారీ అన్ని గంటలు తిరిగితే 4 లక్షల 80 వేల కిలోమీటర్లు. మన పొలంలో ట్రాక్టరు ఏడాదికి 800 గంటలు తిరిగితే బాగా తిరిగిందంటాం. బోటు ఇంజన్ ఆ పని మూడో వంతు ఏడాదిలో చేసేస్తుంది.

డీజిల్ లెక్క ఎక్కడ దొరుకుతుంది? బంకు చీటీలు ఉంటే మంచిదే. సబ్సిడీ డీజిల్ తీసుకున్న బోటైతే ఆ లెక్క కాగితం మీద ఉంటుంది. సబ్సిడీ కోటాకు మించి కాల్చినది యజమాని విడిగా కొని ఉంటాడు కాబట్టి, సబ్సిడీ లెక్కకన్నా అసలు వాడకం ఎక్కువే తప్ప తక్కువ ఉండదు. చేపలు కొనే షావుకారు దగ్గర వేటవారీ ఖర్చుల పద్దు ఉంటుంది, అందులో డీజిల్ ముందుంటుంది. యజమాని చూపించడానికి వెనకాడితే ఆ వెనకాడటమే మీకు జవాబు.

ఎక్కువ గంటలు, మంచి ఇంజన్

డీజిల్ ఇంజన్ నిలకడగా, ఒకే వేగంతో, సరైన వేడి మీద గంటల తరబడి నడిస్తే దానికి పెద్దగా అరుగుదల ఉండదు. చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేసిన మొదటి నిమిషాలు, నీళ్ళు అందక కాగిపోయిన ఒక్క రోజు, ఆయిలు మార్చకుండా దాటవేసిన వేటలు, పెద్ద పంకా తగిలించి మొయ్యలేని బరువు మోయించడం, నీరు కలిసిన డీజిల్ పోయడం - ఇంజన్‌ను తినేసేవి ఇవి. పదివేల గంటలు పద్ధతిగా తిరిగిన ఇంజన్‌కు ఇంకా నాలుగేళ్ళ ఆయువు ఉండవచ్చు.

దీనికి ఎదురు చూడండి. అన్నదమ్ముల తగాదాలోనో, అప్పు గొడవలోనో రెండేళ్ళు ఏటిలో కట్టేసి ఉంచిన బోటు. మీటరు మీద 1,500 గంటలే. ఆ రెండేళ్ళలో సిలిండరు గోడలు తుప్పుపట్టి ఉంటాయి, రింగులు అంటుకుపోయి ఉంటాయి, డీజిల్ పంపులో జిగురు పేరుకుని ఉంటుంది. ఎగ్జాస్టు గొట్టం గుండా ఉప్పు తేమ లోపలికి చేరి ఉంటుంది. తక్కువ గంటల బోటు అని చెప్పి ఎక్కువ ధరకు అంటగట్టేది ఇలాంటివే. ఈ రెంటిలో ఏది కొంటారని నన్నడిగితే, కాగితాలు చూపించే పదివేల గంటల ఇంజన్ వైపే మొగ్గుతాను.

అందుచేత గంటలు ఎన్ని అని అడిగి ఊరుకోకుండా, ఆ గంటల్లో ఆయిలు ఎన్నిసార్లు మార్చారని అడగాలి. చాలా డీజిల్ ఇంజన్లకు సుమారు 250 గంటలకు ఒకసారి ఆయిలు, ఫిల్టరు మార్చమంటారు. మీ ఇంజన్‌కు ఎంతో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. పైన చెప్పిన బోటుకైతే రెండు వేటలకు ఒకసారి. ఏడాదికి 20 వేటలు వేసిన బోటుకు పది ఆయిలు బిల్లులు ఉండాలి. మూడే ఉన్నాయా? మిగిలిన ఏడుసార్లు ఏమైందో ఇంజన్‌కు తెలుసు. బోరు పని ఎప్పుడైనా చేయించారా, చేయిస్తే లైనర్లు, పిస్టన్లు, బేరింగులు అన్నీ మార్చారా లేక రింగులు మాత్రమే వేసి మూసేశారా, ఆ పని చేసిన షెడ్డు ఎక్కడ - ఇవి కూడా అడిగి, వీలైతే ఆ షెడ్డుకు వెళ్ళి మెకానిక్కును కనుక్కోండి. యజమాని చెప్పనిది షెడ్డులో తెలుస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు వెళ్ళండి

ఇంజన్ చూడటానికి తెల్లవారుజామునే వెళ్ళాలి. వెళ్ళగానే స్టార్టు చెయ్యనివ్వకుండా ముందు చెయ్యి పెట్టి చూడండి. మీరు రాకముందే ఒకసారి నడిపి వేడి చేసి ఉంచడం అమ్మకందారులకు తెలిసిన విద్య. వేడెక్కిన ఇంజన్ దాదాపు ప్రతిదీ ఒక్క తిప్పుకే అందుకుంటుంది. వేడిగా ఉంటే, రేపు వస్తాం, మేం వచ్చేదాకా తిప్పొద్దు అని చెప్పి వచ్చేయండి. మొహమాటం అక్కర్లేదు.

స్టార్టు చేసే ముందే ఆయిలు పుల్ల తీసి చూడాలి. తెల్లగా పాలు కలిపినట్టుంటే నీళ్ళు చేరాయి. పలచబడి డీజిల్ వాసన వేస్తుంటే డీజిల్ కలుస్తోంది. అమ్మే ముందు మార్చిన కొత్త ఆయిలైతే ఏదీ తెలియదు. అప్పుడు ఇంజన్ గంటసేపు తిరిగాక మళ్ళీ చూడండి. అరిగిపోయిన ఇంజన్‌లో చిక్కటి గేరు ఆయిలు కలిపి పొగను, చప్పుడును దాచేవాళ్ళూ ఉన్నారు. ఆయిలు వేళ్ళ మధ్య రాస్తే మరీ బంకగా ఉంటే అనుమానించండి. కుదిరితే ఆయిలు దింపించి గుడ్డలో వడకట్టండి. అయస్కాంతానికి అంటుకునే రజను ఉంటే ఇనుప భాగాలు అరుగుతున్నాయి. బేరింగుల తెల్లలోహం మాత్రం అయస్కాంతానికి అంటదు, గుడ్డ మీద మెరుస్తూ కనిపిస్తుంది. చాలామంది అయస్కాంతం ఒక్కటే పెట్టి చూసి సంతృప్తి పడతారు, అది చాలదు.

ఇక పొగ. స్టార్టు కాగానే కాసేపు తెల్లపొగ వస్తే భయం లేదు. ఇంజన్ వేడెక్కాక కూడా తెల్లగానే వస్తుంటే డీజిల్ సరిగా మండడం లేదు, లేదా సిలిండరులోకి నీళ్ళు దిగుతున్నాయి. నీలం పొగ వస్తే ఆయిలు కాలిపోతోంది. బరువు పడినప్పుడు దట్టమైన నల్లపొగ వస్తే ఇంజెక్టర్లన్నా పాడై ఉండాలి, గాలి సరిగా అందకపోవాలి, లేదా మొయ్యగలిగినదానికన్నా ఎక్కువ మోస్తోంది.

ఇంజన్ నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి దాని మీదే బోర్లించి ఉంచండి. కొద్దిగా కదిలితే పరవాలేదు. ఎగిరెగిరి పడుతూ కింద నుంచి పొగ చిమ్ముతుంటే రింగులు, లైనర్లు అరిగిపోయాయన్న మాటే. ఖర్చు లేని పరీక్ష ఇది. కానీ ఎక్కువ గంటలు తిరిగిన ఇంజన్ విషయంలో దీనంత నిజం చెప్పేది మరొకటి లేదు.

ఆయిలు ప్రెషరు గేజీని చల్లగా ఉన్నప్పుడు చూసి మురిసిపోకండి. చల్లటి ఆయిలు చిక్కగా ఉంటుంది కాబట్టి అరిగిన ఇంజన్‌లోనూ ముల్లు పైకే లేస్తుంది. గంటన్నర నడిపి, బాగా వేడెక్కాక, తక్కువ వేగంలో పెట్టి అప్పుడు చూడాలి. అప్పుడు ముల్లు కింద పడిపోతుంటే బేరింగులు పోయాయి. గేజీయే పనిచెయ్యడం లేదంటారా, మెకానిక్కు చేత వేరే గేజీ తెచ్చి పెట్టించండి.

నీళ్ళ దారి

సముద్రంలో ఎక్కువ ఇంజన్లు చెడేది వేడికి. కొన్ని బోట్లలో ఇంజన్ మంచినీళ్ళను సముద్రపు నీళ్ళతో చల్లబరిచే డబ్బా ఉంటుంది, కొన్నిటికి అడుగున గొట్టాలు ఉంటాయి. ఏదైనా, మంచినీళ్ళ ట్యాంకు మూతను ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే తీసి చూడాలి. వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. నీళ్ళు తుప్పు రంగులో ఉన్నాయా, పైన ఆయిలు తెట్టు తేలుతోందా చూడండి. ఇంజన్ అప్పుడే స్టార్టు చేసి మూత తీసి ఉంచితే నీళ్ళలో ఆగకుండా బుడగలు వస్తున్నాయంటే హెడ్ దగ్గర గ్యాసు లీకవుతోంది. బయటికి పోయే సముద్రపు నీళ్ళ ధార సన్నగా ఉంటే పంపు రెక్కలు అరిగి ఉండాలి, గొట్టాలు పూడిపోయి ఉండాలి. ఉప్పునీళ్ళ వైపు జింకు ముక్కలు బిగించి ఉంటాయి. మిగతా లోహాన్ని ఉప్పు తినకుండా ఆ జింకు తనే కరిగిపోతుంది. అవి పూర్తిగా అరిగిపోయి ఖాళీ బోల్టులే మిగిలి ఉంటే, ఆ యజమాని సంరక్షణ ఎంతో అదే చెబుతుంది.

ఒడ్డున బేరం, నీళ్ళలో పరీక్ష

ఇక్కడ ఒక చిక్కుంది. బేరాలు నడిచేది నిషేధం రోజుల్లో. ఇంజన్ అసలు సంగతి తెలిసేది బరువు మీద నీళ్ళలో నడిపినప్పుడు. ఒడ్డున కట్టేసి గుడగుడలాడించి చూసినంతలో సగం కూడా తెలియదు. నిషేధం రోజుల్లో మత్స్యశాఖ వారిని అడగకుండా బోటును సముద్రంలోకి తీసుకుపోతే లేనిపోని కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

దీన్ని రెండు భాగాలుగా చేసుకోండి. నిషేధం రోజుల్లో బోటు అడుగు చూడటానికి అనువు. ఒడ్డుకు లాగి ఉన్నప్పుడు పంకాను రెండు చేతులతో పట్టుకుని పైకీ కిందకీ ఊపండి. షాఫ్టు లూజుగా కొట్టుకుంటే దాని బేరింగు అరిగింది. చెక్క బోటైతే నీటి గీత కిందా, ఇంజన్ కూర్చున్న దూలాల దగ్గరా సన్నటి దబ్బనంతో గుచ్చి చూడండి. దబ్బనం మెత్తగా దిగిపోతే కర్ర పుచ్చింది, లేదా సముద్రపు పురుగు తొలిచింది. దూలాలు కదిలితే ఎంత మంచి ఇంజన్ అయినా షాఫ్టు వరస తప్పి కొట్టుకుంటుంది. ఫైబరు బోటైతే రూపాయి బిళ్ళతో కొట్టుకుంటూ పోండి. గట్టిగా టంగుమనే చోట బాగున్నట్టు, మొద్దుగా శబ్దం వచ్చే చోట పొరలు విడిపోయినట్టు.

రెండో భాగం, నీళ్ళలో పరీక్ష, వేట తెరిచాకే. కాబట్టి డబ్బంతా ముందే ఇవ్వకూడదు. బయానా ఇచ్చి, స్టాంపు కాగితం మీద షరతు రాయించుకోండి: వేట తెరిచిన ఇన్ని రోజుల్లో ఇరువైపులా మెకానిక్కుల ఎదుట ఇన్ని గంటలు నడిపి చూడాలి, బాగుంటే మిగిలిన సొమ్ము, లేకుంటే బయానా వాపసు. ఇంజన్ నంబరు, గేరుబాక్సు నంబరు, ఆ రోజు మీటరు రీడింగు, బోటుతో పాటు వచ్చే వలలు, వించి, లంగరు, వైర్‌లెస్ సెట్టు అన్నీ అందులో రాయాలి. నంబరు రాయకపోవడం వల్ల బయానా నాటికి ఉన్న ఇంజన్ అప్పగింత నాటికి మారిపోవచ్చు. ఈ షరతుకు ఒప్పుకోని యజమాని దగ్గర ధర ఎంత తగ్గినా కొనకపోవడమే మేలు. అది నా అభిప్రాయం.

నీళ్ళలో కనీసం రెండు గంటలు నడపాలి. వేడి ముల్లు ఒకచోట నిలబడాలి, నెమ్మదిగానైనా ఎక్కుతూ పోకూడదు. తర్వాత పూర్తి వేగం ఇచ్చి చూడండి. కంపెనీ ప్లేటు మీద రాసిన ఆర్‌పీఎంను ఇంజన్ అందుకోవాలి. అందుకోక నల్లపొగ కక్కుతుంటే పంకా పెద్దదై ఉండవచ్చు, అడుగున నాచు, గుల్ల పట్టి ఉండవచ్చు, లేదా ఇంజన్ బలమే తగ్గి ఉండవచ్చు. అడుగు శుభ్రం చేయించి పంకా కొలత చూస్తే మొదటి రెండూ తేలిపోతాయి. గేరు ముందుకీ వెనక్కీ వేసినప్పుడు వెంటనే పట్టుకోవాలి. పట్టడానికి ఆలస్యమైనా, గేరు ఆయిలు మాడు వాసన వేసినా ప్లేట్లు అరిగాయి. షాఫ్టు లోపలికి వచ్చే చోట చుక్కచుక్కగా నీరు కారడం సహజం. ధార కడితే ప్యాకింగు మార్చినా ఆగుతుందో లేదో అక్కడే చేయించి చూడాలి.

చిన్న ఫైబరు తెప్పలు

ఉప్పాడ, భైరవపాలెం వైపు ఎక్కువగా వాడే చిన్న ఫైబరు తెప్పల ఇంజన్లకు ఇంత పరీక్ష అక్కర్లేదు. వాటిలో బోటుకు వేరుగా, ఇంజన్‌కు వేరుగా ధర కట్టండి. గంటలు బాగా తిరిగిన చిన్న ఇంజన్‌కు బోరు పని చేయించే ఖర్చు కొత్త దాని ధరకు దగ్గరపడుతుంటే దాన్ని పాత ఇనుము కింద లెక్కేసి, బోటుకు మాత్రమే బేరమాడటం తెలివైన పని.

కాగితాలు, కనపడని అప్పులు

మత్స్యశాఖ రిజిస్ట్రేషన్ నంబరు బోటు మీద రాసినదీ, కాగితం మీద ఉన్నదీ ఒకటేనా చూడాలి. దేశం, రాష్ట్రం గుర్తుల తర్వాత జిల్లా గుర్తు, ఆ తర్వాత మర పడవకు ఎంఎం, మోటారు పడవకు ఎంఓ అని ఉంటుంది. ఇంజన్ మార్చి ఉంటే కొత్త ఇంజన్ వివరాలు రికార్డుల్లో ఎక్కించారా అడగండి. ఎక్కించకపోతే రేపు డీజిల్ సబ్సిడీకీ, బీమాకీ మీరే తిరగాలి. ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట క్రమబద్ధీకరణ చట్టం, 1994 కింద ఇచ్చే లైసెన్సు కూడా మీ పేరు మీదకు రావాలి. సబ్సిడీ మీద వచ్చిన బోటైతే అమ్ముకునే వీలుందో లేదో మత్స్యశాఖ కార్యాలయంలోనే కనుక్కోండి.

బ్యాంకు అప్పు కాగితం మీద కనపడుతుంది, తీరినట్టు పత్రం తెమ్మంటే సరిపోతుంది. కనపడనిది షావుకారు అప్పు. వేట ఖర్చులకు పెట్టుబడి పెట్టి, పట్టిన సరుకు తనకే వెయ్యాలన్న కట్టు మీద ఇచ్చిన సొమ్ము అది. బోటు చేతులు మారినా ఆ షావుకారు మొదటి వేట సరుకు దిగే రోజున రేవులో నిలబడతాడు. కళాసీలకు ఇచ్చిన అడ్వాన్సుల సంగతి కూడా అంతే. ఇవి ఎవరి నెత్తిన పడతాయో ఒప్పందంలో రాయించి, షావుకారునే సాక్షి సంతకం పెట్టమనండి. రేవులో అందరికీ తెలిసేలా జరిగిన బేరంలో తర్వాత తగాదా తక్కువ.

ధర తేల్చేటప్పుడు

మీ మెకానిక్కు చేత ఒక అంచనా రాయించండి. ఇంజన్ విప్పి పూర్తిగా బోరు పని చేయిస్తే సామానుకు ఎంత, కూలీకి ఎంత, క్రేనుకు ఎంత, ఎన్ని రోజులు పడుతుంది అని. ఈ రోజుల లెక్కను చాలామంది మరిచిపోతారు. వేట తెరిచిన తర్వాత ఇరవై రోజులు బోటు షెడ్డు ఒడ్డున ఉంటే పోయేవి రెండు వేటలు. నిషేధం ఎత్తేసిన వెంటనే పడే వేటలు ఎలాంటివో మీకు చెప్పక్కర్లేదు. ఆ నష్టాన్ని కూడా అంచనాలో కలిపి, ఆ మొత్తాన్ని అడిగిన ధరలో తగ్గించమని అడగండి. అప్పు తెచ్చి కొనేవారైతే ఉన్న డబ్బంతా బోటుకే పెట్టెయ్యకుండా ఆ అంచనాలో సగమైనా చేతిలో ఉంచుకోవాలి. ఒడ్డుకు అరవై, డెబ్భై కిలోమీటర్ల దూరంలో, తుపాను కబురు అందిన వేళ ఆగిపోయిన ఇంజన్‌కు బేరంలో మిగిల్చిన పదివేలు అడ్డం రావు. బోటులో ఉండేది మనుషులు.

కొన్నాక మొదటి పని, పాత యజమాని ఏ ఆయిలు పోశాడన్న చర్చ లేకుండా ఆయిలు, ఆయిలు ఫిల్టరు, డీజిల్ ఫిల్టర్లు మార్చేయడం. డీజిల్ ట్యాంకు అడుగున చేరిన నీటినీ, మడ్డినీ దింపేయడం. గంటల మీటరు పనిచెయ్యకపోతే కొత్తది పెట్టించడం, అది పోయినా లెక్క పోకుండా ఒక నోటుపుస్తకంలో ప్రతి వేటకూ డీజిల్ ఎంత పోశారు, ఇంజన్ ఎన్ని గంటలు నడిచింది, ఆయిలు ఎంత తగ్గితే పోశారు అన్నవి సరంగు చేత రాయించడం. ఒక వేటకు రెండు లీటర్లు పోసిన ఆయిలు మూడో వేటకు అయిదు లీటర్లయితే, ఆ సంగతి నాలుగో వేటకు బయల్దేరక ముందే పుస్తకంలో కనిపిస్తుంది.